పేదింటి సామాన్లు

సీరియల్లో పేదవాళ్ళ ఇంటికి మూడు గోడలుంటాయి. డబ్బున్నవాళ్ళ ఇంటికీ మూడే. నాలుగోది కడితే కెమెరా ఎక్కడ నిలబడుతుంది? ఆ ఒక్క విషయంలో తప్ప ఆ రెండిళ్ళకీ పోలిక ఉండదు. డబ్బున్న అమ్మాయి ఇంట్లో మెలి తిరిగిన మెట్లుంటాయి. వాటి చివర పైన ఏమీ ఉండదు, ఎక్కినవాళ్ళు ఒక చెక్క మీద నిలబడి, సీను అయ్యాక జాగ్రత్తగా దిగొస్తారు. పేద అమ్మాయి ఇంట్లో వెలిసిన గోడ, ఒక మంచం, ఒక బీరువా, చుట్టూ కావలసినంత ఖాళీ. ఆ ఖాళీలో మామూలు సంసారం ఒకటి సుఖంగా పడుతుంది. కానీ ఏం చేస్తారు పాపం, పేదపిల్ల ఏడవడానికి చోటు కావాలి, ఏడుస్తున్న పిల్ల చుట్టూ కెమెరా తిరగడానికి ఇంకా చోటు కావాలి.

ఈ ఇళ్ళకి సామాన్లు సమకూర్చే పని పెన్సిల్ వాళ్ళమ్మది. సెట్లో అందరూ ఆవిణ్ణి సామాన్లక్క అంటారు. "అక్కా, రేపు పొద్దునకి ఒక ఆసుపత్రి కావాలి" అంటే పొద్దునకి ఆసుపత్రి లేస్తుంది. "అక్కా, ఆసుపత్రి వద్దు, పోలీస్ స్టేషన్ చేసెయ్" అంటే మంచాలు వెళ్ళి బెంచీలు వస్తాయి, గోడ మీది గడియారం మాత్రం అదే ఉంటుంది. పెన్సిల్ అంటే ఆవిడ కూతురు. పదో తరగతి. సన్నగా, నిటారుగా, ఎప్పుడూ ఎవరో ఇప్పుడే చెక్కి నిలబెట్టినట్టు ఉంటుంది. ఆ పేరు పెట్టింది గంట. గంటకి ఆ పేరు పెట్టింది పెన్సిల్. నవ్వు మొదలుపెడితే వీధి చివరి దాకా వినిపిస్తుంది, ఆపమంటే ఇంకా పెరుగుతుంది, అందుకని గంట. ఇద్దరూ ఒకటో తరగతి నుంచి ఒకే బెంచీ.

గంట వాళ్ళమ్మ టైలరమ్మ. స్కూలు ఉన్న వీధిలోనే, చెప్పుల కొట్టు మీది వాటాలో ఉంటారు. స్కూలు యూనిఫారాలన్నీ ఆవిడే కుడుతుంది. ముందు గదిలో మిషను, దాని ఎదురుగా అద్దం బీరువా. ఆ అద్దం ముందు చేతులు చాపి నిలబడని పిల్ల ఆ స్కూల్లో లేదు. "పొట్ట లోపలికి లాక్కోకు తల్లీ, ఏడాదంతా అలాగే లాక్కుని ఉండాల్సొస్తుంది" అంటూ టేపు చుట్టేది ఆవిడ. అద్దం కింది మూల చిన్న ముక్క విరిగిపోతే పెన్సిలూ గంటా కలిసి దాని మీద నీలం ఏనుగు స్టిక్కరు అంటించారు. అప్పటికి ఇద్దరూ రెండో తరగతి. అంటించడానికి నిచ్చెన అక్కర్లేని మూల అదొక్కటే.

అల్లరి గంట వాళ్ళింట్లో, హోంవర్కు పెన్సిల్ వాళ్ళింట్లో. పెన్సిల్‌కి కిటికీ కింద ఒక మడత బల్ల ఉంది. దాని మీద ఇస్త్రీపెట్టె ఆకారంలో గోధుమరంగు మచ్చ ఒకటి. ఆటల పోటీల రోజు పెన్సిల్ స్కర్టు తడిస్తే, "ఇటివ్వు, నేను టైలరు కూతుర్ని" అని గంట ఇస్త్రీపెట్టె తీసుకుంది. మాటల్లో పడి దాన్ని బల్ల మీద బోర్లించేసింది. ఇద్దరూ కంగారుగా ఆ మచ్చ మీద పూల గుడ్డ పరిచేశారు. ఇప్పటికీ ఆ గుడ్డ అక్కడే ఉంది. సామాన్లక్కకి తెలియదని వాళ్ళ నమ్మకం. ఊళ్ళో వస్తువులన్నిటి మీది గీతలూ గుర్తున్న మనిషికి ఇంట్లో బల్ల మీది మచ్చ తెలియకపోవడమేమిటి. ఊరుకుందంతే.

ఇక సీరియల్ సంగతి. స్కూలు పిల్లల కథ. అందులో ఇద్దరమ్మాయిలు. సెట్లోవాళ్ళూ చూసేవాళ్ళూ కూడా వాళ్ళని కారు పిల్ల, సైకిల్ పిల్ల అనేవాళ్ళు. ప్రాణ స్నేహితులు. ఆ స్నేహం ఎంత గట్టిదంటే వారం వారం తెగుతుంది, కౌగలించుకోగానే అతుక్కుంటుంది. ఆ స్కూల్లో ఎవరికీ హోంవర్కు ఉండదు, ఎవరికీ మొటిమలు రావు, క్యాంటీను విమానాశ్రయమంత ఉంటుంది. కారు పిల్ల వేసిన బూట్లు మళ్ళీ వెయ్యదు. సైకిల్ పిల్ల పేదది కాబట్టి లేతరంగు బట్టలే వేసుకుంటుంది, అవీ సీనుకొక జత. సెట్టు బయట మాత్రం కారు పిల్లగా వేసే అమ్మాయి బస్సులు మారి వస్తుంది, సైకిల్ పిల్లని వాళ్ళ నాన్న కారులో దింపి వెళ్తాడు. ఇందులో వింతేమీ ఎవరికీ కనబడలేదు.

చిక్కంతా డైరెక్టర్‌తో వచ్చింది. ఆయనకి పేదింటి బీరువా నచ్చలేదు.

"అక్కా, ఈ పేదరికం నాకు నమ్మకంగా లేదు. కొత్త బీరువాకి టీ పూసినట్టుంది."

నిజంగా టీయే పూసింది. కొత్త వస్తువు లైట్ల కింద నోరు మూసుకోదు, నేను కొత్తదాన్ని అని అరుస్తూనే ఉంటుంది. ఇలాంటప్పుడు సామాన్ల వాళ్ళకి ఒక పద్ధతి ఉంది. ఎవరింటికో వెళ్ళి, కొత్తది ఇచ్చి పాతది తెచ్చుకుంటారు. జనం ఎగిరి గంతేసి ఇస్తారు. సీరియల్ కోసమని చెబుతారు గానీ ఏ సీనులో పెడతారో మాత్రం చెప్పరు. చెబితే ఇచ్చేవాళ్ళ మనసు మారిపోతుంది. మూలన పడున్న మంచమే అయినా సరే, జైల్లోకి అంటే ఎవరికీ ఇవ్వబుద్ధి కాదు. సామాన్లక్క ఈ పద్ధతిని ఊరందరి దగ్గరా పాటించింది. అలవాటు మీద టైలరమ్మ దగ్గర కూడా పాటించింది. అక్కడే పప్పులో కాలేసింది.

"వదినా, ఈ బీరువా నాకిచ్చెయ్. కొత్తది పంపిస్తా, నిలువెత్తు అద్దంతో."

"దీన్నేం చేసుకుంటావే? వేస్తే తెరుచుకోదు, తెరిస్తే పడదు."

"అలాంటిదే కావాలి. సీరియల్లోకి."

"ఎవరింట్లోకి?"

"ఒక అమ్మాయి గదిలోకి."

"అబ్బో!" టైలరమ్మ మిషను ఆపి బీరువా వంక చూసింది. "చూశావా, ఇన్నేళ్ళు నా కళ్ళ ముందే ఉండి, నాకంటే ముందు ఇదే హీరోయిన్ అయిపోయింది."

పనిలో పనిగా పసుపు ముక్కలు అతికి కుట్టిన కర్టెన్ కూడా ఇచ్చింది. ఏనుగు స్టిక్కరు దాచుకుందామని గంట గోటితో గీకి చూసింది, ఊడిరాలేదు. సెట్లో డైరెక్టర్ దాన్ని చూసి ముచ్చటపడ్డాడు. "ఏనుగుని తియ్యకండి, చూస్తే జాలేస్తోంది" అన్నాడు.

బీరువా మొదటిసారి టీవీలో కనబడ్డ మర్నాడు గంట స్కూల్లో మహారాణి. "మాదే! ఏనుగు అంటించింది మేమిద్దరమే!" అని చెప్పిందే చెప్పింది. యూనిఫారం కొలతలిచ్చిన పిల్లలందరూ, "ఔనే, నేనూ ఆ అద్దంలో చూసుకున్నా" అని తమ వంతు గొప్ప తాము పంచుకున్నారు. పెన్సిల్ పక్కనే కూర్చుని, అమ్మ పని కదా అని కాస్త పొంగింది. ఆ సంబరం ఇంకొన్నాళ్ళు నడిచేదే. కానీ కథలో కారు పిల్ల వాళ్ళమ్మ కూతుర్ని వెతుక్కుంటూ సైకిల్ పిల్ల ఇంటికి వచ్చింది.

ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చింది. గది నాలుగు పక్కలా, అంటే మూడు పక్కలా చూసింది. అద్దం ముందు ఆగి, "ఈ అద్దంలో నా మొహం కూడా చవగ్గా కనబడుతోంది" అంది. వెనక నుంచి సంగీతం ఒక్క గుద్దు గుద్దింది. డైలాగులు రాసేవాడికి ఆ ముక్క మీద మహా గర్వం. జనానికీ తెగ నచ్చింది, ఫోన్లలో ఒకరికొకరు పంపుకున్నారు. పెన్సిల్ వాళ్ళ నానమ్మ సీరియల్ వస్తున్నంతసేపూ మంచం దిగదు. "ఎంత పొగరుబోతు మనిషో! అయినా ఎంత బాగా అందో!" అని ఒక్క ఊపిరిలో తిట్టి మెచ్చుకుంది.

మర్నాడు స్కూల్లో ఆ మాటే. స్టీలు గ్లాసులో మొహం చూసుకుని ఒకడు, కిటికీ అద్దంలో చూసుకుని ఒకత్తె, "నా మొహం కూడా చవగ్గా కనబడుతోంది" అనడం, తర్వాత గంట వైపు చూడడం. గంటకి సైకిల్ పిల్ల అన్న పేరు ఎవరు మొదలుపెట్టారో తెలియదు, మధ్యాహ్నానికి అందరి నోట్లో ఉంది. స్కర్టు పొడవు పెంచుకోవడానికి టైలరమ్మ దగ్గరికి వచ్చిన ఒకమ్మాయి, కొత్త బీరువా నిలువుటద్దం ముందు నిలబడి కూడా అదే మాట అని కిసుక్కున నవ్వింది. అద్దం మారితే ఏం, ఇల్లు అదే కదా.

వాళ్ళు చెడ్డ పిల్లలు కారు. అసలు కష్టం అక్కడే ఉంది. ఒకమ్మాయి తన పాత బూట్లు కవర్లో పెట్టి తెచ్చి గంటకిచ్చింది. "ఏమనుకోకు, నాకు బిగుతయ్యాయి, నీకు సరిపోతాయి" అంది. మంచి మనసుతోనే అంది. సీరియల్లో కారు పిల్ల అచ్చం అలాగే ఇస్తే సైకిల్ పిల్ల కళ్ళ నీళ్ళు పెట్టుకుని ఆ బూట్లు గుండెకి హత్తుకుంది. గంట హత్తుకోలేదు. తన కాళ్ళకి ఉన్న బూట్ల వంక చూసుకుంది, అవి ఆ అమ్మాయి వాటికంటే కొత్తవి. కవరు తిరిగిచ్చేసింది. ఇచ్చినమ్మాయి నొచ్చుకుంది. పేదవాళ్ళకి ఇంత పొగరేమిటని క్లాసులో కొందరు అనుకున్నారు కూడా.

గంట నవ్వడం మానేసింది. మరీ ఏడవడం లాంటివేమీ లేవు. పాఠం వింటుంది, రాసుకుంటుంది, బెల్లు కొట్టగానే ఇంటికి పోతుంది. మడత బల్ల దగ్గరికి రావడం లేదు. చిన్నప్పటి నుంచి ఒకే బెంచీ మీద కూర్చున్న మనిషి పక్కనే ఉండి పక్కన లేకపోతే ఏం చెయ్యాలో పెన్సిల్‌కి ఎవరూ నేర్పలేదు. నేర్పింది ఒక్క సీరియలే. అందులో ఇలాంటి చిక్కుకి మందు ఏమిటో ఆ పిల్లకి బట్టీ వచ్చు.

మధ్యాహ్నం కుళాయిల దగ్గర అందరూ సీసాలు నింపుకుంటున్నారు. పెన్సిల్ వెళ్ళి గంట ఎదురుగా నిలబడింది. గడ్డం కాస్త పైకెత్తి, ఒక చెయ్యి గంట భుజం మీద వేసి, కారు పిల్ల ఎక్కడ ఆగుతుందో అక్కడ ఆగుతూ, అందరికీ వినబడేలా అంది:

"చూడు. మీ ఇల్లెలా ఉన్నా నాకు పర్వాలేదు. నాకు నువ్వు ముఖ్యం."

చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఒకత్తె సంగీతం కూడా నోటితో వాయించింది.

గంట భుజం మీది చేతిని తియ్యలేదు. నిదానంగా అడిగింది. "మా ఇల్లెలా ఉంటుంది?"

"అంటే... అలా కాదు..."

"చెప్పు. నువ్వు రోజూ వచ్చేదానివిగా. ఎలా ఉంటుంది?"

సీరియల్లో ఈ ప్రశ్న లేదు. చెప్పగానే అవతలి పిల్ల ఏడ్చి మీద పడాలి, అంతే.

"మావి రెండు గదులు, వంటిల్లు. మీది ఒక గది, వంటిల్లు," అంది గంట. "మీ నానమ్మ మంచం దిగితేగాని మీ కిటికీ రెక్క తెరుచుకోదు. నేనెప్పుడన్నా పర్వాలేదు అన్నానా? నువ్వెప్పటి నుంచి కారు పిల్లవయ్యావే?"

చప్పట్లు ఆగిపోయాయి. గంట సీసా మూత బిగించుకుని వెళ్ళిపోయింది. పెన్సిల్ క్లాసుకి వచ్చేసరికి సంచి తీసుకుని వెనక బెంచీకి మారిపోయింది.

పెన్సిల్‌కి ఏడుపొచ్చింది, దానికంటే ఎక్కువ సిగ్గేసింది. గంట వాళ్ళింట్లో ఎన్ని గదులో ఆ పిల్ల ఎప్పుడూ లెక్కపెట్టలేదు, తన ఇంట్లో ఎన్నో కూడా లెక్కపెట్టలేదు. ఇద్దరిలో ఒకరు పేద, ఒకరు కాదు అని తనకి ఎలా తెలిసింది? టీవీలో చూసింది. తన సొంత కళ్ళతో పదేళ్ళు చూసిన ఇంటిని కొన్ని వారాలు టీవీలో చూసి మర్చిపోయింది.

ఇంటికొచ్చి నానమ్మకి చెప్పింది. ఆవిడ అంతా విని, "ఆ మాట అన్నాక కౌగలించుకున్నావా?" అని అడిగింది.

"లేదు."

"మరదే తప్పు. ఆ ముక్క మర్చిపోయావు."

ఆవిడతో లాభం లేదని అమ్మని పట్టుకుంది. "అమ్మా, ఆ బీరువా వెనక్కి ఇచ్చెయ్."

సామాన్లక్క కాళ్ళకి తైలం రాసుకుంటోంది. రోజంతా నిలబడే పని, కాళ్ళు వాచిపోతున్నాయి. "తెర మీద ఒకసారి కనబడ్డ వస్తువు కథ అయ్యేదాకా కదలదే. మారిస్తే చూసేవాళ్ళు పట్టేస్తారు, నా ఉద్యోగం ఊడుతుంది. అయినా ఏమైందిప్పుడు?"

ఏమైందో పెన్సిల్ చెప్పింది. రుమాలు, చవక మొహం, బూట్లు, కుళాయిల దగ్గర తను వెలగబెట్టింది, అన్నీ. సామాన్లక్క తైలం సీసా మూత పెట్టేసింది. మర్నాడు షూటింగుకి ఆలస్యమైనా సరేనని టైలరమ్మ ఇంటికి వెళ్ళింది.

"రండి, కూర్చోండి," అంది టైలరమ్మ.

సామాన్లక్క గుమ్మంలోనే ఆగిపోయింది. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఎవరూ ఆవిణ్ణి కూర్చోండి అనలేదు. వదినా, ఆ గుడ్డలు పక్కకి నెట్టి కూర్చో అనేవాళ్ళు. ఈరోజు కుర్చీ మీద గుడ్డలు కూడా లేవు.

"వదినా, నేను కావాలని..."

"అయ్యో, మేమేం అనుకోలేదండీ. కొత్త బీరువా బావుంది. తలుపు చక్కగా పడుతోంది." టైలరమ్మ మిషను తొక్కుతూనే ఉంది. "ఎవరింట్లోకి అని అడిగాను. ఒక అమ్మాయి గదిలోకి అన్నారు. అందులో అబద్ధం లేదుగా."

లేదు. టైలరమ్మ టీ ఇచ్చింది, సాసరుతో సహా ఇచ్చింది. సామాన్లక్క ఆ టీ తాగి, సాసరు ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకుని నిలబడి, చివరికి కొత్త బీరువా పక్కన కింద పెట్టి వచ్చేసింది.

ఆ వారమే కథలో సైకిల్ పిల్లకి పరీక్షలొచ్చాయి. అన్నాళ్ళూ చదువు ఊసెత్తని స్కూల్లో హఠాత్తుగా పరీక్షలెందుకొచ్చాయంటే, ఆ పిల్ల దీపం ముందు కూర్చుని ఏడవాలి కాబట్టి. డైరెక్టర్ ఒక బల్ల అడిగాడు. "టీ పూసింది కాదు అక్కా," అని కూడా అన్నాడు.

"మళ్ళీ ఎవరింటికి పోవాలో ఏమో," అంది సామాన్లక్క ఇంట్లో. "ఈసారి ముందే చెప్పి అడుగుతా. పేదింట్లోకి, ఇస్తారా అని. చూద్దాం ఎవరిస్తారో."

పెన్సిల్ కిటికీ కిందికి వెళ్ళి బల్ల మీది పుస్తకాలు తీసి మంచం మీద పెట్టింది. "ఇది తీసుకెళ్ళు."

నానమ్మ ఒంటికాలి మీద లేచింది. "మన బల్లా? పేదింట్లోకా? ఊరంతా చూడదూ! పరువేం కావాలి?"

"టైలరత్త వాళ్ళ పరువేమైందో అదే అవుతుంది," అంది పెన్సిల్.

ఆ పిల్ల లెక్క ఆ పిల్లకుంది. రేపు అందరూ టీవీలో చూస్తారు, ఆ బల్ల నీదటగా అని నవ్వుతారు, తననీ సైకిల్ పిల్ల అంటారు. అననీ. తలుచుకుంటే భయంగానే ఉంది. రాత్రికి రాత్రి వద్దులే అమ్మా అనేస్తానేమోనని ఇంకా భయంగా ఉంది. అందుకే బల్ల మడిచి, అప్పుడే గుమ్మం బయట పెట్టేసింది. పూల గుడ్డ మాత్రం తీసి తన దగ్గరే ఉంచుకుంది.

సామాన్లక్క వంగి ఇస్త్రీ మచ్చ మీద చెయ్యి పెట్టి చూసింది. ఆ మచ్చ గురించి కూతురి ముందు ఆవిడ ఏదైనా అనడం అదే మొదటిసారి. "గుడ్డ వెయ్యొద్దంటావా?"

"వెయ్యొద్దు."

"సరే."

ఆ ఎపిసోడ్ వచ్చిన రోజు పెన్సిల్ నానమ్మ మంచం చివర కూర్చుని చూసింది. సైకిల్ పిల్ల వచ్చి కూర్చుంది. దీపం వెలిగించింది. పుస్తకం తెరిచింది. బల్ల కాళ్ళు కనబడ్డాయి, అంచు కనబడింది. పుస్తకం పక్కకి జరిపినప్పుడు దీపం వెలుగులో మచ్చ కళ్ళు మూసి తెరిచేంతసేపు కనబడింది. ఇంతలో కారు పిల్ల వచ్చి దాని మీద తన సంచి పెట్టేసింది. తర్వాత అంతా మొహాలే. ఇద్దరూ ఏడ్చారు, కౌగలించుకున్నారు.

"బల్ల బాగానే నటించింది," అంది నానమ్మ. కోపం పోయింది. తమ వస్తువు టీవీలో చూసుకుంటే పరువు సంగతి ఎవరికి గుర్తుంటుంది.

మర్నాడు పెన్సిల్ స్కూలుకి వెళ్తూ దారంతా జవాబులు సిద్ధం చేసుకుంది. ఔను, మాదే. మా ఇంట్లోదే. నేను దాని మీదే రాసుకుంటా. అయితే ఏంటి? అయితే ఏంటి అన్నది కళ్ళెగరేసి అనాలి. తీరా వెళ్తే ఎవరూ ఏమీ అడగలేదు. ఎలా అడుగుతారు? టైలరమ్మ ఇల్లంటే అందరూ కొలతలిచ్చిన ఇల్లు. పెన్సిల్ వాళ్ళింటికి గంట తప్ప ఎవరూ ఎప్పుడూ రాలేదు. పైగా ముందు రాత్రి ఎపిసోడ్ చివర్లో కారు పిల్లని ఎవరో వ్యానులో ఎత్తుకుపోయారు. క్లాసంతా ఎత్తుకుపోయింది ఎవరా అనే గోలలో ఉంది. అద్దం, చవక మొహం, పాత బూట్లు, సైకిల్ పిల్ల, ఏవీ ఎవరికీ గుర్తు లేవు. గంటని ఎవరూ ఏమీ అనడం లేదు. అంత తేలిగ్గా అన్నారు, అంత తేలిగ్గా మర్చిపోయారు.

ఆ బల్ల మాదే అని పెన్సిలే లేచి చెప్పొచ్చు. కానీ అడక్కుండా చెబితే అది మళ్ళీ కుళాయిల దగ్గరి నాటకమే అవుతుంది. ఆ మాత్రం ఈసారి తెలిసింది. వెనక్కి తిరిగి చూసింది. గంట వెనక బెంచీలో తల వంచుకుని ఏదో రాసుకుంటోంది. అసలు ఇప్పుడు సీరియల్ చూస్తోందో లేదో. చూడకపోతే తను బల్ల ఇచ్చినా ఒకటే, మంచం ఇచ్చినా ఒకటే. పెన్సిల్ గాలి పోయిన బంతిలా కూర్చుండిపోయింది. ఆ రోజు లెక్కలన్నీ తప్పు చేసింది.

సాయంత్రం ఇంట్లో నేల మీద బోర్లా పడుకుని ఆ తప్పులే దిద్దుకుంటోంది. సామాన్లక్క వంటింట్లో ఉంది. నానమ్మ మంచం మీద కునుకు తీస్తోంది. తలుపు కొట్టిన చప్పుడేమీ లేదు, తలుపు తెరుచుకుంది. గంట ఎప్పుడూ కొట్టి రాలేదు, ఈరోజూ కొట్టలేదు. గుమ్మంలో చెప్పులు విడిచి, తిన్నగా వంటింటి వైపు మొహం పెట్టి చెప్పింది.

"అత్తా, అమ్మ కనుక్కోమంది. వదిన కాళ్ళ వాపు తగ్గిందా అని."

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగింది. "తగ్గిందని చెప్పు," అంది సామాన్లక్క. తర్వాత కాసేపటికి, "లేదు, నేనే వస్తానని చెప్పు," అంది.

గంట గదిలోకొచ్చి కిటికీ కింద ఖాళీగా ఉన్న చోటు వంక చూసింది. గోడకి బల్ల ఆనుకున్న గీత మాత్రం మిగిలింది.

"మచ్చ మీద గుడ్డ వెయ్యలేదేం?" అని అడిగింది.

పెన్సిల్ లేచి కూర్చుంది. "చూశావా?"

"చూడకేం. రోజూ చూస్తా. మా బీరువా ఉంది కదా అందులో." గంట సంచి కింద పడేసింది. "ఒక్క క్షణమే చూపించారు. దాని మీద సంచి పెట్టేసింది, మొద్దు మొహంది. ఆ మచ్చ నేను పెట్టిందని అమ్మకి కూడా చెప్పేశాను. నాలుగు చీవాట్లు పెట్టింది."

"క్లాసులో ఎవ్వరూ చూడలేదు," అంది పెన్సిల్. "అందరూ నన్ను కూడా అంటారనుకున్నా. ఒక్కళ్ళు కూడా అన్లేదు."

"వాళ్ళకేం తెలుసు!"

పెన్సిల్‌కి సారీ అన్న మాట చాలా చిన్నదిగా అనిపించింది, అయినా అదే అంది. మొహం చూడకుండా, కారు పిల్ల ఎక్కడా ఆగని చోట ఆగుతూ, నేల వంక చూసి అంది.

గంట గది నాలుగు పక్కలా చూసింది. నానమ్మ మంచం, మంచానికి ఆనుకుపోయిన కిటికీ రెక్క, బల్ల లేని గోడ, నేల మీద పరిచిన పుస్తకాలు. అప్పుడు గడ్డం కాస్త పైకెత్తింది. ఒక చెయ్యి పెన్సిల్ భుజం మీద వేసింది. గొంతు బొంగురు చేసుకుని, ఆగాల్సిన చోటల్లా ఆగుతూ అంది:

"చూడు. మీ ఇంట్లో ఇప్పుడు బల్ల కూడా లేదు. అయినా... మీ ఇల్లెలా ఉన్నా నాకు పర్వాలేదు. నాకు... నువ్వు... ముఖ్యం."

చివరి మాట పూర్తి కాకుండానే నవ్వు తన్నుకొచ్చింది. ఇన్నాళ్ళూ బిగబట్టిందంతా ఒక్కసారే వచ్చినట్టుంది. పెన్సిల్ కూడా అందుకుంది. వంటింట్లో సామాన్లక్క కొంగుతో కళ్ళొత్తుకుంటూ అలాగే నిలబడిపోయింది.

నానమ్మ ఉలిక్కిపడి లేచి, కళ్ళజోడు కోసం తడుముకుంటూ, "అప్పుడే మొదలైపోయిందా సీరియలు? లేపరేమే!" అని అరిచింది.

ఆ అరుపుకి గంట నవ్వు ఇంకా పెరిగింది.